పులిజూదమున పులి ఎందుకు ఆగును?

మేకలు కూడి పులిని కట్టివేయునని అడవి నెరిగినవాడెవ్వడును నమ్మడు. అయినను పులిజూదమాడువారు పటము ముందు కూర్చుండగానే దానిని నమ్ముదురు. ఆట ముగియువరకు ఆ నమ్మకము చెడదు. లోకమునకు సరిపడని నియమము ఆటకు సరిపడుటలోని మర్మమేమి? దీనిని శ్రోతలతో కలిసి కొంత విచారింపదలచినాము.

కామారెడ్డి జిల్లాలో, బాన్సువాడ డివిజనున, మహారాష్ట్రపు పొలిమేరకు దాపున డోంగ్లి యను ఊరు కలదు. కర్ణాటకమును అచ్చటికి దూరము కాదు. మన పులిమేకల ఆటను కన్నడిగులు ఆడుహులి యనియు, మరాఠీ వారు వాఘ్‌బకరీ యనియు పిలుతురు. తమిళులకది ఆడుపులి ఆట్టము. మూడు భాషలు కలియు ఇట్టి తావున ఇద్దరు పటము గీచుకొని కూర్చున్నచో, కాయలు ముట్టకముందే “మీ వైపున ఎట్లాడుదురు?” అని యడుగుట క్షేమము. పులులెన్ని, మేకలెన్ని, ఏది చెల్లును, ఏది చెల్లదు అనునవి ఊరూర మారుచుండును. తగవులలో పెక్కు ఇచ్చటనే పుట్టును.

పటమును రేడియోలో చూపజాలము గనుక, కాగితము తీసికొని గీచుకొనుడు. పైన నొక శిఖరము. దాని నుండి క్రిందికి నాలుగు గీతలు. వానిని ఖండించుచు మూడు అడ్డగీతలు. ఆ మూటి కొనలను ఇరువైపుల నిలువు గీతలతో కలుపుడు. అడుగున నాలుగు గీతల కొనలను కలుపుచు మరియొక పొట్టి అడ్డగీత. శిఖరము 1, మూడు వరుసలలో ఆరేసి చొప్పున 18, అడుగున 4. మొత్తము కూడళ్లు 23. బొగ్గుముక్కయున్న చాలును. పూర్వులు రాతి నేలపైననే ఆటపటములను చెక్కుకొనిరి. హంపి శిథిలములలో అట్టివి నేటికిని కానవచ్చును.

మిక్కిలి వాడుకలోనున్న పద్ధతిలో పులులు 3, మేకలు 15. పులులు ముందుగా నిలుచును. మేకలవాడు వంతున కొకటి చొప్పున మేకను ఖాళీ కూడలిలో దింపును; పదునైదును దిగువరకు, దిగిన మేక కదలరాదు. పులి మాత్రము మొదటి నుండియు గీతవెంట కూడలి నుండి కూడలికి నడచును. ప్రక్కన మేకయుండి, అదే గీతపై దాని కావలి కూడలి ఖాళీగా నున్నచో, దుమికి చంపును. రెండు మేకలు వరుసగా నున్నచో దుమకరాదు. మూడు పులులకును కదలుటకు దారి లేకుండ చేసినచో మేకలది గెలుపు. కట్టుటకు చాలనంతగా మంద తగ్గినచో పులులది.

ఇప్పుడొక వాస్తవప్రియుడు మన ప్రక్కన వచ్చి కూర్చుండెననుకొందము. పులి యెదురుగా నుండగా మేక పరుగెత్తక రాతివలె ఏల నిలుచును? ఇది యతని మొదటి ఆక్షేపణ. లెక్క చూడుడు. ఒక్క మేకయు చావక పదునైదును దిగినచో, పులులతో కలిసి 18 కూడళ్లు నిండిపోవును, మిగులునవి 5. ఆ యిరుకున పులికి ఊపిరాడదు. కావున మేకలు దిగుచున్న వేళనే పులి వేటాడవలెను. ఆ వేళ మేకలకు కాళ్లిచ్చినచో, బెదిరింపబడిన ప్రతి మేకయు ప్రక్కకు తొలగును, వేట యుండదు. మేక కదలకుండుట పులికి దొరకిన వరము.

రెండవ ఆక్షేపణ యింకను గట్టిది. రెండు మేకలు జంటగా నిలిచినంత మాత్రమున పులి ఆగునా? అడవిలో ఆగదు. పటముపై ఆగకున్నచో మేకలవాని గతి యేమి? ఎచ్చట దింపినను చావే. అతని చేతికి పని యుండును గాని బుద్ధికి పని యుండదు. జంట కట్టుట, అంచున చేరుట, ఒక మేకను ఎరగా విడిచి పులిని మూలకు లాగుట మొదలగు విద్యలన్నియు ఆ యొక్క నియమము నుండి పుట్టినవే. (మేకలు పులిని చంపునని మాత్రము మనవారు చెప్పలేదు, దారి మూయునని చెప్పి ఊరకుండిరి. సత్యమునకు ఆపాటి మర్యాద చేసిరి.)

కావున ఒక నియమము అడవికి అబద్ధమా యని యడుగుట కంటె, అది ఇరువురి ముందును ఎన్నుకొనదగిన దారులను మిగిల్చినదా యని యడుగుట మేలని మా అభిప్రాయము. సమానత్వ మొక్కటియే చాలదు. వైకుంఠపాళిలో అందరికిని ఒకే పటము, ఒకే నిచ్చెనలు, ఒకే పాములు. సమత్వము పరిపూర్ణము, కాని గవ్వలు చెప్పినట్లు నడచుట తప్ప ఆటగాడు తలచి చేయవలసినదేదియు లేదు. పులిజూదమున ఇరుపక్షములు ఏ విధమునను పోలవు, అయినను తూగును. ఎంత చక్కగా తూగగలవో నేపాళపు బాఘ్‌చాల్ వలన తెలియుచున్నది. అందు 25 కూడళ్ల చదరపు పటము, పులులు 4, మేకలు 20. లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్‌గెల్ట్ అను గణన శాస్త్రజ్ఞులు కంప్యూటరుతో ఆ యాటను శోధించి, ఇరువురును తప్పు చేయకున్నచో గెలుపు ఎవరికిని రాదని ఈ శతాబ్దపు తొలి దశకమున తేల్చిరి. మన త్రికోణపు పటమునకు ఆ ఫలితము యథాతథముగా చెల్లదు.

చదరంగమున మంత్రి రాజుకంటె బలవంతుడగుటయు ఇట్టిదే. పాత పద్ధతిలో అతడు మూలగా ఒక్క గడియే నడచెడివాడు. 15వ శతాబ్దము చివర ఐరోపావారు ఆటకు వేగము తెచ్చుటకై అతనికి పటమంతయు తెరచిరి. ఏ రాజ్యమునందలి మంత్రిని చూచి వారట్లు చేయలేదు.

ఈ చర్చ పాత ఆటలతో ముగియలేదు. నేడు మన నగరములలోను, విదేశములలోని తెలుగువారిలోను యువకులు కొందరు బల్ల చుట్టును చేరి, ఒకడు యోధుడుగా, ఒకడు మాంత్రికుడుగా, ఒకడు దొంగగా పాత్రలు వహించి కల్పిత సాహసగాథ నాడుచున్నారు. ఒకరు కథ నడుపుదురు. సందేహము వచ్చినచోట పాచికలు తీర్పు చెప్పును. ఈ తరహా ఆటలలో మొదట ప్రచురింపబడినది ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు దానిని 1974లో వెలువరించిరి.

అందు ప్రతి పాత్రకును ప్రాణబలము అంకెలలో నుండును. 1978 నాటి నియమముల ప్రకారము ఎత్తునుండి పడినవానికి ప్రతి 10 అడుగులకు ఒక ఆరు ముఖముల పాచిక వేసి, వచ్చిన సంఖ్యను తీసివేయుదురు. 100 అడుగుల కొండనుండి పడినచో పాచికలు పది. మిక్కిలిగా పోవునది 60. ప్రాణబలము 70 గల వీరుడు నిశ్చయముగా లేచి దుమ్ము దులుపుకొని నడచిపోవును! దీనిని చూచి నవ్వినవారు పెక్కురు. ప్రాణబలమనగా దేహము మాత్రమే కాదు, నేర్పును అదృష్టమును అందు చేరియున్నవని గైగాక్స్ 1979లో సమాధానము వ్రాసెను. కొండ విషయమున ఆ సమాధానము మాకంతగా రుచింపలేదు. అయినను ఆ నియమము వలన ఎవరి యాటయు చెడలేదు.

చెడినది వేరొకచోట. తొలి మెట్టున మాంత్రికునకు దినమునకు ఒక్క మంత్రమే. అది యైపోయినచో యోధుని వెనుక దాగవలసినదే. పై మెట్ల కెక్కిన పిదప ఎగురుట, అదృశ్యమగుట, అగ్నివర్షము అన్నియు నతనివే. అప్పుడు యోధుడు చూచుచు కూర్చుండును. ఇంద్రజాలము అబద్ధమని ఎవరును బాధపడలేదు. తన వంతు వచ్చినను చేయదగిన పని లేకుండుటయే బాధ. 2008 నాటి నాలుగవ కూర్పున అన్ని పాత్రల శక్తులను ఒకే అచ్చున పోసిరి. తూకము కుదిరెను గాని, అందరును ఒకేతీరున నున్నారని పలువురు విసిగిరి; 2014 నాటి కూర్పున భేదములు మరల వచ్చినవి. పులికిని మేకకును ఒకే నడక నిచ్చినచో నేమగునో వారు అనుభవమున చూచిరి.

మన యిండ్లలో పెద్దవాడు పులులు పట్టి, చిన్నవాడు దినదినము ఓడి, వారము తిరుగకుండ పటము చెరిపివేయుట కలదు. అప్పుడు నియమములను అడవితో సరిచూచుట వృథా. రెండాటలు ఆడుడు: ఒకదానిలో పులులు మీవి, రెండవదానిలో వానివి. మేకలను ఎక్కువ చంపినవానికి గెలుపు. అప్పటికిని తూగకున్నచో చిన్నవాడు మేకలాడునపుడు ఒక మేకను హెచ్చుగా నిచ్చి చూడుడు. రెండు జంతువుల మీదుగా దుమకరాదనుదానిని మాత్రము ముట్టకుడు.