ఏడీహెచ్‌డీ చికిత్స: రోజువారీ నమోదు ఎందుకు, ఎలా?

‘గత నెల రోజులుగా పిల్లవాడు ఎలా ఉన్నాడు?’ ఏడీహెచ్‌డీకి చికిత్స పొందుతున్న చిన్నారుల తల్లిదండ్రులకు వైద్యుడి గదిలో ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. నిన్ననే లెక్కల పుస్తకం బడిలో మరిచి వచ్చి ఉంటే ‘ఏమీ మారలేదండీ’ అంటారు. ఆ ఉదయం పేచీ పెట్టకుండా తయారై ఉంటే ‘చాలా నయం’ అంటారు. ముప్పై రోజుల పరిస్థితిని చివరి రెండు రోజుల జ్ఞాపకం కమ్మేస్తుంది. మందు మోతాదును పెంచాలా, తగ్గించాలా, మందునే మార్చాలా అన్న నిర్ణయం మాత్రం చాలావరకు ఆ జవాబుపైనే ఆధారపడి ఉంటుంది.

మధుమేహానికి రక్తపరీక్ష ఉన్నట్లు ఏడీహెచ్‌డీ తీవ్రతను కొలిచే ప్రయోగశాల పరీక్ష ఏదీ లేదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్‌ఎం-5 ప్రకారం దీనికి 18 లక్షణాలున్నాయి. వాటిలో తొమ్మిది ఏకాగ్రత లోపానికి, మరో తొమ్మిది అతి చురుకుదనానికి, తొందరపాటుకు సంబంధించినవి. ఇవన్నీ ఇతరుల పరిశీలన ద్వారానో, స్వీయ పరిశీలన ద్వారానో తెలిసేవే. అందువల్ల రోజూ రాసిపెట్టుకునే నాలుగు మాటలే ఈ చికిత్సలో కొలమానమవుతాయి.

పర్యవేక్షణతో వచ్చే తేడా

పర్యవేక్షణకు ఉన్న ప్రాధాన్యాన్ని అమెరికాలో జరిగిన ఎంటీఏ అధ్యయనం స్పష్టం చేసింది. ఏడు నుంచి తొమ్మిదేళ్ల వయసున్న 579 మంది పిల్లలతో 14 నెలలపాటు సాగిన ఈ అధ్యయన ఫలితాలు 1999లో వెలువడ్డాయి. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఇచ్చిన రోజువారీ అంచనాల ఆధారంగా మోతాదును నిర్ణయించి, ఆపై నెలనెలా సమీక్షించిన పిల్లల్లో లక్షణాలు బాగా తగ్గాయి. స్థానిక వైద్యుల వద్ద మామూలు చికిత్స పొందిన వారిలో మూడింట రెండు వంతుల మంది మందులు వాడినప్పటికీ అంతటి మెరుగుదల కనిపించలేదు. అయితే అధ్యయనం మొదలైన మూడేళ్లకు, అంటే కట్టుదిట్టమైన పర్యవేక్షణ ఆగిపోయిన చాలాకాలానికి, బృందాల మధ్య ఆ తేడా కనుమరుగైంది.

ఏమి రాయాలి?

పద్దెనిమిది లక్షణాలనూ రోజూ రాయబూనితే వారం తిరిగేలోగా ఆ పుస్తకం మూలన పడుతుంది. కుటుంబాన్ని ఎక్కువగా ఇబ్బంది పెడుతున్న మూడు నాలుగు అంశాలను ఎంచుకోవడం మేలు. ‘బాగా చదివాడు’ అనే కంటే ‘హోంవర్కుకు 40 నిమిషాలు పట్టింది, నాలుగుసార్లు లేచాడు’ అని రాస్తే వైద్యుడికి ఉపయోగపడుతుంది. లక్షణం అసలు లేకపోతే సున్నా, అతి తరచుగా ఉంటే మూడు చొప్పున అంకెలు వేసుకోవచ్చు. పిల్లల విషయంలో వైద్యులు వాడే వాండర్‌బిల్ట్ ప్రశ్నావళిలోని లక్షణాల విభాగం ఇదే పద్ధతిలో ఉంటుంది. పెద్దవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో రూపొందిన 18 ప్రశ్నల ఏఎస్‌ఆర్‌ఎస్ పట్టిక ఉంది.

లక్షణాలతోపాటు మందు వేసుకున్న వేళ, నిద్రపట్టిన సమయం, మధ్యాహ్నం తిన్న అన్నం, తలనొప్పి, కడుపునొప్పి వంటివీ నమోదు చేయాలి. పరీక్షలు, ప్రయాణాలు, జ్వరం, ఇంట్లో పెళ్లి వంటి విశేషాలు ఉంటే ఒక్క ముక్కలో రాసుకోవాలి. లేకపోతే రాత్రి మేల్కొనడం వల్ల కలిగిన చిరాకును మందుపైకి నెట్టే ప్రమాదం ఉంది.

వేళ చెప్పే సంగతులు

మిథైల్‌ఫెనిడేట్ సాధారణ మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలు ఉంటుంది. నెమ్మదిగా విడుదలయ్యే రకాల ప్రభావం ఎనిమిది నుంచి పన్నెండు గంటల వరకు ఉండవచ్చు. పిల్లవాడు పగలంతా ముభావంగా ఉంటే మోతాదు ఎక్కువైందేమోనని వైద్యుడు ఆలోచిస్తారు. పగలు బాగానే ఉండి సాయంత్రం ఒక్కసారిగా కోపం, ఏడుపు మొదలైతే మందు ప్రభావం తగ్గుతున్న వేళ కలిగే మార్పుగా అనుమానిస్తారు. ఈ రెండింటికీ పరిష్కారాలు వేర్వేరు. ‘చిరాకు పడుతున్నాడు’ అని మాత్రమే చెబితే ఆ తేడా తెలియదు. పక్కన గంట రాసి ఉంటే తెలుస్తుంది.

అటొమాక్సెటైన్ తీరు వేరు. దాని పూర్తి ప్రభావం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారంలోనే ‘పనిచేయడం లేదు’ అని ఆపేయకుండా వారాలవారీ నమోదు నిలువరిస్తుంది. ఈ మందు వాడే పిల్లల్లో, కౌమారప్రాయుల్లో ఆత్మహత్యా ఆలోచనలను గమనించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో హెచ్చరించింది. అలాంటి మాటలు వినిపిస్తే రాసుకుని ఊరుకోకుండా వెంటనే వైద్యుడిని సంప్రదించాలి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సహాయవాణి 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.

కొన్ని మార్పులు రోజువారీగా కంటికి కనిపించవు. మందులు వాడే పిల్లల ఎత్తును ఆరు నెలలకోసారి, పదేళ్లలోపు వారి బరువును మూడు నెలలకోసారి కొలవాలని బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2018 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. మోతాదు మార్చిన ప్రతిసారీ రక్తపోటు, గుండె వేగం కూడా చూడాలి.

నేరాల చిట్టా కారాదు

పిల్లవాడు రోజులో ఎక్కువ సమయం గడిపేది బడిలో కాబట్టి ఉపాధ్యాయుల మాట తప్పనిసరి. ‘పిలవకముందే జవాబు చెప్పలేదు’, ‘ఇచ్చిన పని పూర్తి చేశాడు’ వంటి మూడు నాలుగు లక్ష్యాలకు ఉపాధ్యాయులు అవును, కాదు అని గుర్తు పెట్టే రోజువారీ కార్డు విధానం పలు దేశాల్లో ప్రవర్తన చికిత్సలో భాగంగా ఉంది. సాధించిన లక్ష్యాలకు ఇంట్లో చిన్న బహుమతి ఇస్తారు.

తప్పులు మాత్రమే రాస్తే ఆ పుస్తకం నేరాల చిట్టా అవుతుంది. పిల్లలు దానిని చూసి జంకుతారు, దాచడం నేర్చుకుంటారు. రోజుకు ఒక మంచి విషయమైనా అందులో ఉండాలి. కాస్త పెద్ద పిల్లలైతే తమ అంకెను తామే వేసుకోనివ్వాలి. మందు వేసుకున్నాక తనకు ఎలా అనిపిస్తోందో వారికి తెలిసినంతగా మరొకరికి తెలియదు.

పెద్దవారికి మరో చిక్కు ఉంది: మరిచిపోవడమే లక్షణమైన వారికి రోజూ రాయడం కష్టం. పళ్లు తోముకోవడం వంటి స్థిరమైన అలవాటుకు దీనిని జతచేయడం, ఫోన్‌లో అలారం పెట్టుకోవడం తోడ్పడతాయి. మధ్యలో రెండు రోజులు తప్పినా మూడో రోజు మళ్లీ మొదలుపెడితే సరిపోతుంది.

నమోదు చేసిన అంకెలను చూసి మోతాదును సొంతంగా మార్చుకోకూడదు. వాటిని అర్ధ పేజీకి కుదించి తీసుకెళ్తే, ‘ఎలా ఉన్నాడు?’ అన్న ప్రశ్నకు వైద్యుడికి నెల రోజుల జవాబు దొరుకుతుంది.