బావిలో చమురు.. బాణలిలో డీజిల్
పునరుత్పాదక ఇంధనానికి ముడిసరుకే కీలకం

కాకినాడ: కృష్ణా-గోదావరి బేసిన్‌ అనగానే చమురు రిగ్గులు, గ్యాస్‌ పైపులైన్లే గుర్తుకొస్తాయి. 2024 జనవరి 7న కాకినాడ తీరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని లోతు సముద్ర క్షేత్రం నుంచి ఓఎన్‌జీసీ తొలిసారి ముడిచమురును వెలికితీసింది. ఇదే కాకినాడలో 2000 దశకం చివరి నుంచే మరో రకం డీజిల్‌ తయారవుతోంది. పామ్‌ స్టియరిన్‌, పశువుల కొవ్వు, వాడిన వంటనూనె దీనికి ముడిసరుకులు.

తయారీ ఇలా..
నూనెకు మిథనాల్‌ కలిపి గ్లిజరిన్‌ను వేరుచేస్తే బయోడీజిల్‌ వస్తుంది. దీనిని మామూలు డీజిల్‌లో కొంత మేరకే కలుపుతారు. అదే నూనెను అధిక పీడనం, ఉష్ణోగ్రతల వద్ద హైడ్రోజన్‌తో శుద్ధిచేస్తే పునరుత్పాదక డీజిల్‌ లభిస్తుంది. ఇది పెట్రోలియం డీజిల్‌ను దాదాపు పోలి ఉంటుంది. ఇందుకు కావలసిన హైడ్రోజన్‌ను ఎక్కువగా సహజవాయువు నుంచే తీస్తున్నందున కొత్త ఇంధనానికీ బావులతో బంధం తెగలేదు.

ఒకచోట బావి.. వేలచోట్ల బాణలి
చమురు తవ్వకంలో పెట్టుబడి, ప్రమాదం రెండూ ఎక్కువే. 1995 జనవరిలో పాశర్లపూడి బావి నుంచి ఎగసిన మంటలను అదుపు చేసేందుకు 65 రోజులు పట్టింది. అయితే నిక్షేపం దొరికితే ఒకేచోటు నుంచి ఏళ్ల తరబడి చమురు వస్తుంది. వాడిన నూనె అలా కాదు. వేలాది హోటళ్లు, మిఠాయి దుకాణాల నుంచి డబ్బాల లెక్కన సేకరించాలి.

ముడిసరుకు లేకుంటే లక్ష్యాలు కాగితాలకే పరిమితమవుతాయని గత అనుభవం చెబుతోంది. 2000 దశకంలో బీడు భూముల్లో జట్రోఫా, కానుగ సాగును ప్రభుత్వాలు ప్రోత్సహించాయి. నీరు, ఎరువు లేని చోట జట్రోఫా దిగుబడి ఆశించినట్లు రాలేదు. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్‌ కలపాలని నిర్దేశించగా, 2023 నాటికి అది ఒక శాతానికీ చేరలేదు.

ఆరోగ్యంతో ముడి
పదేపదే కాచిన నూనెలో ఏర్పడే హానికర పదార్థాలు (టీపీసీ) 25 శాతం దాటితే దానిని వంటకు వాడరాదన్న నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. అయినా పెద్ద హోటళ్లు వదిలించుకున్న నూనె చిన్న బండ్లకు చేరితే నష్టపోయేది వినియోగదారుడే. సేకరణదారు మంచి ధర ఇస్తే ఆ దారి మూసుకుపోతుంది.

గిరాకీకి మరో ముఖమూ ఉంది. 2027లో అంతర్జాతీయ విమానాల ఇంధనంలో ఒక శాతం సుస్థిర ఇంధనం కలపాలన్నది కేంద్రం లక్ష్యం. దానికీ వాడిన నూనెను ముడిసరుకుగా వాడవచ్చు. ధర మరీ పెరిగితే తాజా పామాయిల్‌నే వాడినదిగా చూపి అమ్మే ప్రమాదం ఉంటుంది. అందువల్ల నూనె ఎక్కడ కొన్నారు, ఎంత వాడారు, ఎవరికి అప్పగించారన్న లెక్క హోటల్‌ నుంచే మొదలుకావాలి. ఆ లెక్క సరిగ్గా ఉన్నప్పుడే బాణలి నూనె మళ్లీ వంటింటికి రాకుండా ఇంజిన్‌కు చేరుతుంది.