గీత గీసిందెవరు?

ప్రతి కథలోనూ ఇద్దరు ప్రత్యర్థులుంటారు. వాళ్ళలో ఎవరు మంచివాళ్ళో పాఠకుడు త్వరగానే తేల్చుకుంటాడు. కాని వాళ్ళు ప్రత్యర్థులెలా అయ్యారు, వాళ్ళ మధ్య గీత గీసిందెవరు అన్న ప్రశ్న అన్ని కథలూ వేయవు. ఈ ప్రశ్నను పరిశీలించడానికి పెద్ద నవలలే అక్కర్లేదు, పిల్లల కోసం తీసిన ఒక అమెరికన్ బొమ్మల సీరియల్ చాలు. పిల్లలకు చెప్పే కథల్లో ఏ సమాజమైనా తన నమ్మకాలను పెద్దగా దాచుకోదు. అందుకే సాహిత్య విద్యార్థి వాటిని చిన్నచూపు చూడకూడదు.

ఆ సీరియల్ పేరు ‘ఎక్స్-మెన్: ఎవల్యూషన్’. 2000 నవంబరు నుంచి 2003 అక్టోబరు దాకా అమెరికా టెలివిజన్‌లో 52 భాగాలుగా వచ్చింది. దీనికి మూలం 1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ ప్రారంభించిన బొమ్మల కథల పత్రిక. ఇందులోని పాత్రలు మ్యూటెంట్లు. అంటే జన్యువుల్లోని మార్పు వల్ల అసాధారణమైన శక్తులతో పుట్టినవాళ్ళు. వాళ్ళను చూసి సామాన్య జనం భయపడతారు, ద్వేషిస్తారు. ఆ పత్రిక పుట్టిన కాలం అమెరికాలో నల్లజాతి ప్రజల పౌరహక్కుల ఉద్యమం ఉధృతంగా ఉన్న కాలం. మ్యూటెంటును వెలివేతకు గురైన మనిషికి ప్రతీకగా చదివే పద్ధతి క్రమంగా స్థిరపడింది. 1975 నుంచి పదహారేళ్ళపాటు ఆ కథలు రాసిన క్రిస్ క్లేర్‌మాంట్ ఆ అర్థాన్ని మరింత బలపరిచాడు.

సీరియల్ చేసిన మార్పు ఏమిటంటే, ఈ పాత్రల్లో చాలామందిని పదహారు పదిహేడేళ్ళ పిల్లలను చేసి బేవిల్ అనే ఊళ్ళో ఒకే హైస్కూల్లో చేర్చింది. రెండు జట్లూ ఒకే బడిలో చదువుతాయి. ఒక జట్టు ప్రొఫెసర్ జేవియర్ దగ్గరి ఎక్స్-మెన్. రెండోది బ్రదర్‌హుడ్. దీన్ని పోగుచేసిన మిస్టిక్ ఏ రూపమైనా ధరించగలదు, ఆ బడికి ప్రిన్సిపాల్‌గా నటిస్తోంది. ఆమె వెనక ఉన్నవాడు మాగ్నెటో. 1964 నాటి మూల పత్రికలో ఈ జట్టు పేరులోనే ‘దుష్ట’ అనే విశేషణం ఉండేది. సీరియల్ ఆ మాట తీసేసింది. ఈ చిన్న సవరణతోనే ప్రశ్న మొదలవుతుంది. పేరులో దుష్టత్వం లేకపోతే, ఈ పిల్లలు శత్రువులెందుకయ్యారు?

జవాబు వాళ్ళ ఇళ్ళలో కనిపిస్తుంది. ఎక్స్-మెన్ ఉండేది విశాలమైన భవనంలో. అక్కడ తోట ఉంది, విమానం ఉంది, శిక్షణకు ప్రత్యేకమైన గది ఉంది, తప్పు చేస్తే మందలించి మళ్ళీ దగ్గరకు తీసుకునే పెద్దలున్నారు. బ్రదర్‌హుడ్ ఉండేది పాతబడి శిథిలమవుతున్న అద్దె వసతి గృహంలో. వాళ్ళను పోషించే మనిషికి వాళ్ళు పనిముట్లు మాత్రమే. భూమిని కంపింపజేసే లాన్స్, కప్పలా గెంతే టాడ్, కొండంత బలమున్న ఫ్రెడ్, మెరుపు వేగంతో పరుగెత్తే పియెట్రో, వీళ్ళెవరూ పుట్టుకతో దుర్మార్గులు కారు. శక్తి అందరికీ పుట్టుకతోనే వచ్చింది. తేడా అంతా ఆ శక్తికి దొరికిన ఆశ్రయంలో ఉంది.

ఈ రెండు జట్లనూ ముఖాముఖి నిలబెట్టిన భాగం మొదటి సంవత్సరంలో వచ్చిన ‘సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్’. ఉభయులూ ఒకే కఠిన శిక్షణ శిబిరానికి చేరతారు. అడవిలో, కొండ మీద ఎవరు ముందు, ఎవరు గట్టి అని పోటీ. చూసే పిల్లవాడి దృష్టి ఆ పోటీ మీదే ఉంటుంది. కాని అసలు కథ కొండ మీద లేదు. పిల్లలు అక్కడ ఒకరి కాలు ఒకరు లాగుతుండగా మిస్టిక్ తన ప్రయోజనం కోసం జగ్గర్‌నాట్ అనే మహాబలుణ్ణి చెర నుంచి విడిపిస్తుంది. అతను జేవియర్‌కు సవతి సోదరుడు, పాత పగతో ఆ భవనం మీదికి వెళతాడు. పూరీ జగన్నాథుని రథం గురించి ఐరోపా యాత్రికులు చెప్పిన కథల నుంచి ఇంగ్లీషులోకి పోయిన మాట అతని పేరు. అంటే పెద్దల తగాదా ఒకచోట, దాని నీడలో పిల్లల పోటీ ఇంకోచోట. కొండ మీద ఎవరు గెలిచినా ఆ తగాదా ఫలితం మారదు.

ఈ భాగానికి పెట్టిన పేరును కూడా పరీక్షించాలి. ‘యోగ్యతములదే మనుగడ’ అన్న అర్థమిచ్చే ఆ మాట డార్విన్ సృష్టి అని చాలామంది అనుకుంటారు. దాన్ని 1864లో వాడుకలోకి తెచ్చినవాడు హెర్బర్ట్ స్పెన్సర్. డార్విన్ తన గ్రంథం అయిదో ముద్రణలో, 1869లో, దాన్ని స్వీకరించాడు. ప్రకృతిలో ఏ జీవి తన పరిసరాలకు సరిపోతుందో చెప్పే మాటను సమాజంలో బలవంతుడికి హక్కుపత్రంగా మార్చినవాళ్ళు తర్వాత ఎందరో. 1902లో క్రొపోట్కిన్ పరస్పర సహాయం మీద రాసిన పుస్తకంలో దీనికి బదులు చెప్పాడు. పోరాటం ఉన్నమాట నిజమే, కాని ఒకదానికొకటి తోడ్పడే జీవులు మనుగడలో వెనకబడవు, ముందుంటాయి అని సైబీరియాలో తాను చూసిన జంతుజీవితాన్ని ఆధారం చేసుకుని వాదించాడు. ఈ సీరియల్ పేరులోనే పరిణామం ఉంది. కనక ఏ పరిణామం అని అడిగే హక్కు మనకుంది.

ఆ సంవత్సరం చివర రెండు భాగాలుగా వచ్చిన ‘ది కాల్డ్రన్’ దీనికి సగం జవాబిస్తుంది. అక్కడ మాగ్నెటో ముసుగు తీసి, ఉభయ జట్ల పిల్లలనూ ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పుతాడు. నెగ్గినవాళ్ళను, వాళ్ళు ఏ జట్టువాళ్ళయినా సరే, అంతరిక్షంలోని తన స్థావరానికి చేర్చుకుంటాడు. ఓడినవాళ్ళతో అతనికి పనిలేదు. అణగారిన జాతికి విముక్తి అని చెబుతూ ఆ జాతిలోనే ఏరివేత మొదలుపెట్టిన నాయకుడతను. స్పెన్సర్ మాటను ఆచరణలో పెడితే ఏమవుతుందో ఇక్కడ సీరియల్ స్పష్టంగా చూపింది.

కాని గీతను చెరపడానికి మాత్రం వెనుకాడింది. రోగ్ అనే అమ్మాయిని మొదట మిస్టిక్ అబద్ధాలు చెప్పి తన వైపు తిప్పుకుంటుంది. నిజం తెలిశాక ఆమె భవనానికి వస్తుంది. అంటే గీత దాటవచ్చు. రెండో సంవత్సరంలో లాన్స్ కూడా కిటీ మీది ఇష్టంతో ఎక్స్-మెన్‌లో చేరి చూస్తాడు. భవనంలోని వాహనాలను ఎవరో దొంగచాటుగా తీసుకుపోతుంటే అనుమానం అతని మీదికే పోతుంది. తీసినవాళ్ళు ఆ ఇంట్లోని కుర్రవాళ్ళే. చివరికి అతను వెళ్ళిపోతాడు. ఇంట్లో పిల్లలు చేస్తే అల్లరి, బయటినుంచి వచ్చినవాడు చేస్తే నేరం! ఈ ఒక్క సంఘటనలో సీరియల్ ఒక సామాజిక సత్యాన్ని పట్టుకుంది, పట్టుకుని వదిలేసింది. ఆ భవనం తలుపు కొందరికి సులువుగా తెరుచుకుని కొందరికి ఎందుకు తెరుచుకోదో విచారించలేదు. కథ ఎక్కువగా భవనం కిటికీలోంచే లోకాన్ని చూస్తుంది గనక, పాత వసతి గృహం అక్కడినుంచి ఎప్పుడూ హాస్యంగానో అపాయంగానో కనిపిస్తుంది.

రెండో సంవత్సరం ముగింపులో మ్యూటెంట్లున్న సంగతి లోకానికి తెలిసిపోతుంది. అప్పుడు జనం ఏ ఇంటి పిల్లలని అడగరు, అందరినీ ఒకే పేరుతో పిలిచి భయపడతారు. ఆ పిల్లలు అంతకాలం ప్రాణప్రదంగా కాపాడుకున్న గీత వాళ్ళను ద్వేషించేవాళ్ళకు కనిపించనే కనిపించదు. ఇంత గొప్ప విరోధాభాసను చేతిలో పెట్టుకుని కూడా సీరియల్ ఆ రెండు ఇళ్ళనూ ఒక ఇల్లు చేయలేకపోయింది. ప్రతివారం పోరాటం చూపాల్సిన వినోద వస్తువుకు ప్రత్యర్థి జట్టు అవసరం. ఆ అవసరం కథలోని తర్కం కంటే బలమైనది.

రచయితలకు ఇందులో పనికొచ్చే విషయం ఉంది. ప్రతినాయకుణ్ణి మంచివాడుగా మార్చేస్తే సరిపోదు, అది కరుణ మాత్రమే. అతను తినే తిండి ఎవరిది, అతని ఇంటి అద్దె ఎవరు కడుతున్నారు, అతను ఓడిపోతే లాభం ఎవరికి అన్నవి కథలోకి రావాలి. ఇద్దరు పేదవాళ్ళు కొట్టుకునే కథ రాసేటప్పుడు వాళ్ళ దెబ్బలనే వర్ణించి ఊరుకుంటే, మనం కొండ మీది పోటీని మాత్రమే చూపినవాళ్ళమవుతాం. కొండ కింద జరుగుతున్నది కూడా ఆ కథలో భాగమే.