నెట్ లేకున్నా బొమ్మ పడుద్ది!

పండక్కో పబ్బానికో పిల్లలు సూర్యాపేట వస్తారు. హైదరాబాద్ నుంచి కొందరు, అమెరికా నుంచి కొందరు. ఫోన్ నిండా వీడియోలే. మనవడి పుట్టినరోజు, కొత్తింటి గృహప్రవేశం, చెల్లి సీమంతం... హాల్లో గోడకి 43 అంగుళాల టీవీ ఉంటుంది. ఇంటిల్లిపాదీ మాత్రం ఆరంగుళాల ఫోన్ చుట్టూ మూగుతారు. "నాకు కనపడ్తలేదు బిడ్డా" అని నాయనమ్మ కళ్లద్దాలు సర్దుకుంటుంది. "టీవీల పెట్టరాదురా" అంటాడు తాత. ఎవరో ఒకరు ప్రయత్నిస్తారు. తెర మీద గుండ్రటి గీత తిరుగుతూనే ఉంటుంది. చివరికి "ఇక్కడ నెట్ సరిగ్గా లేదు" అని తేల్చేసి, మళ్లీ ఫోన్‌నే చేతులు మారుస్తారు.

చాలాసార్లు ఆ మాట తప్పు. ఫోన్‌లో ఉన్న వీడియో అదే గదిలోని టీవీకి వెళ్లడానికి అసలు నెట్‌తో పనే లేదు.

వైఫై వేరు, నెట్ వేరు

మనం రెండిటినీ ఒకే మాటగా వాడేస్తాం. "వైఫై పోయింది" అంటే నెట్ పోయిందనే అర్థం. నిజానికి వైఫై అంటే రూటర్‌కీ, ఇంట్లోని ఫోన్లూ టీవీలూ ల్యాప్‌టాప్‌లకీ మధ్య ఉండే లింకు. నెట్ అంటే రూటర్ నుంచి బయటి ప్రపంచానికి వెళ్లే తీగ. వంటింట్లోంచి హాల్లోకి అన్నం గిన్నె తేవడానికి ఎవరూ 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కరు కదా! రోడ్డు తవ్వకాల్లో ఫైబర్ తెగి రూటర్ మీద ఎర్ర లైటు వెలిగినా, ఇంట్లో కరెంటు ఉన్నంతసేపు వైఫై పనిచేస్తూనే ఉంటుంది.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. ఒకప్పుడు కేబుల్ ఆపరేటర్ తన గదిలో డెక్ పెట్టి క్యాసెట్ వేస్తే వాడకట్టంతా సినిమా చూసేది. ఆ బొమ్మ ఏ దేశం నుంచీ రాలేదు. రెండు వీధుల అవతలి గదిలోంచి తీగ మీద వచ్చింది. ఇప్పుడు ఆ గది మీ జేబులో ఉంది, తీగ బదులు గాలి ఉంది. అంతే తేడా.

మరి పండగనాడు ఆ గీత ఎందుకు తిరిగినట్టు? మనం ఎంచుకునే దారిని బట్టి ఉంటుంది. ఫోన్ నుంచి టీవీకి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

దారి ఒకటి: క్యాస్ట్

యూట్యూబ్‌లో మూల కనిపించే చిన్న టీవీ బొమ్మ ఇదే. 2013లో గూగుల్ 35 డాలర్లకి క్రోమ్‌కాస్ట్ తెచ్చినప్పటి నుంచి బాగా పాకింది. ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సినిమా మీ ఫోన్‌లోంచి టీవీకి వెళ్లదు. ఫోన్ "ఫలానా వీడియో వెయ్యి" అని అడ్రస్ మాత్రం చెప్తుంది. టీవీ తనే నెట్‌లోంచి వీడియో తెచ్చుకుంటుంది. అందుకే క్యాస్ట్ చేశాక ఫోన్ లాక్ చేసినా సినిమా ఆగదు, బ్యాటరీ పెద్దగా తగ్గదు. అందుకే నెట్ లేకపోతే ఈ దారి సాధారణంగా మూతపడుతుంది.

దారి రెండు: మిర్రరింగ్

ఫోన్ తెర మీద ఏముంటే అదే టీవీ మీద. ఆండ్రాయిడ్, విండోస్ వైపు దీనికి మిరాకాస్ట్ అనే పద్ధతి ఉంది. 2012లో వైఫై అలయన్స్ తెచ్చింది. ఫోన్, టీవీ రెండూ వైఫై డైరెక్ట్‌తో నేరుగా చేతులు కలుపుతాయి. నెట్టే కాదు, రూటర్ కూడా అక్కర్లేదు. శాంసంగ్ ఫోన్లలో దీన్ని స్మార్ట్ వ్యూ అంటారు, వేరే ఫోన్లలో స్క్రీన్ కాస్ట్ లాంటి పేర్లుంటాయి. విండోస్ ల్యాప్‌టాప్‌లో విండోస్ కీ, కె కలిపి నొక్కితే చాలు. ఐఫోన్‌కి ఎయిర్‌ప్లే ఉంది. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో మాత్రం మిరాకాస్ట్ ఉండదు, కొనేముందు గుర్తుపెట్టుకోండి.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫోన్ తెరని ఎప్పటికప్పుడు వీడియోగా మార్చి పంపాలి కాబట్టి ఫోన్ వేడెక్కుతుంది, తెర ఆర్పకూడదు, మధ్యలో వచ్చే మెసేజులు ఇంటిల్లిపాదికీ కనిపిస్తాయి. ఓటీటీ యాప్‌లు చాలావరకు కాపీరైట్ తాళం వల్ల నల్ల తెరే చూపిస్తాయి. ఫొటోలకీ సొంత వీడియోలకీ మాత్రం ఇది ఇట్టే పనికొస్తుంది.

దారి మూడు: ఇంట్లోనే ఓ సర్వర్

ఇదే అందరూ మర్చిపోయిన దారి. పేరు డీఎల్‌ఎన్‌ఏ. 2003లో సోనీ, ఇంటెల్ లాంటి కంపెనీలు కలిసి మొదలుపెట్టాయి. ఆ సంస్థ 2017లో మూతపడింది కానీ పద్ధతి బతికే ఉంది. చాలా టీవీల్లో ఇప్పటికీ పనిచేస్తుంది. ల్యాప్‌టాప్, ఫోన్, లేదంటే యూఎస్‌బీ పోర్టున్న కొన్ని రూటర్లు సర్వర్ అవుతాయి. టీవీ అందులోని ఫైలు తెరిచి చూపిస్తుంది. విండోస్‌లో మీడియా స్ట్రీమింగ్ ఆన్ చేస్తే చాలు. ఫోన్‌లో అయితే బబుల్ యూపీఎన్‌పీ లాంటి యాప్‌లున్నాయి. ఆండ్రాయిడ్ టీవీలో వీఎల్‌సీ వేసుకుని లోకల్ నెట్‌వర్క్‌లోకి వెళ్తే మీ సర్వర్ పేరు కనిపిస్తుంది.

వీఎల్‌సీ పుట్టిందే ఇందుకు. 1996లో ఫ్రాన్స్‌లో ఇంజినీరింగ్ విద్యార్థులు తమ క్యాంపస్ నెట్‌వర్క్ మీద వీడియో పంపుకోవడానికి మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. ఇప్పటికీ ఉచితమే.

"ఇంత తతంగం ఎందుకు, పెన్‌డ్రైవ్ గుచ్చితే పోలా?" అంటారా? పోతుంది. తప్పేం లేదు. కాకపోతే పాత ఫ్యాట్ 32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. పైగా కొత్త వీడియో తీసిన ప్రతిసారీ కాపీ చేయాలి.

డేటా లెక్క

నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారమే హెచ్‌డీలో గంటకి 3 జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకి 2 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకి ఇంటర్వెల్ కూడా రాదు. అదే ఫోన్‌లో ముందే ఉన్న ఫైలుని ఇంట్లో టీవీకి పంపితే డేటా ఖర్చు సున్నా. రూటర్ లేని ఇంట్లోనూ ఇది కుదురుతుంది. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి టీవీని దానికి కలపండి. ఆ తర్వాత డీఎల్‌ఎన్‌ఏతో ఫైలు ప్లే చేస్తే ఆ వీడియో టవర్ దాకా వెళ్లదు. టీవీ తనంతట తను అప్‌డేట్లు దించుకోకుండా ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అప్పుడు కూడా హాట్‌స్పాట్ నడుస్తుంది.

ఇంకో మాట. ఐఫోన్‌లో 4కె వీడియో నిమిషానికి సుమారు 170 ఎంబీ అవుతుంది. పది నిమిషాల పెళ్లి వీడియో 1.7 జీబీ. దాన్ని మామూలుగా వాట్సాప్‌లో పంపితే బాగా కుదించేస్తుంది. మిర్యాలగూడ మిల్లులో వడ్లు ఆడిస్తే ఊక, తవుడు పోయి బియ్యం మిగులుతాయి. వాట్సాప్‌లో బియ్యం కూడా పోతాయి! చిన్న తెర మీద తెలియదు గానీ పెద్ద టీవీలో మొహాలన్నీ గళ్లు గళ్లుగా కనిపిస్తాయి. అమ్మానాన్నలకి ఇచ్చేది అసలు ఫైలే అయ్యుండాలి.

గోడలు, బీరువాలు

ఇంట్లోని దారే అయినా దానికీ అడ్డంకులుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటి దూరం వెళ్తుంది కానీ అక్కడ రద్దీ ఎక్కువ. బ్లూటూత్, మైక్రోవేవ్ అవెన్ కూడా అక్కడే. కోదాడ లాంటి ఊళ్లో బజారు వీధుల ఇళ్లు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. పక్కింటి రూటర్, పైపోర్షన్ రూటర్ అన్నీ అదే చోట తోసుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ. 2018లో కేంద్రం ఇందులో 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్సు అక్కర్లేకుండా చేసింది. కానీ ఇటుక గోడ, స్లాబు దాటేసరికి ఇది నీరసపడుతుంది. కాబట్టి టీవీ, రూటర్ ఒకే గదిలో ఉంటే 5 వాడండి. మధ్యలో రెండు గోడలుంటే 2.4 నయం. రూటర్‌ని ఇనప బీరువా వెనకో టీవీ వెనకో దాచకండి.

టీవీ పేరే కనిపించకపోతే ముందు చూడాల్సింది ఒకటే: రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా? ఫోన్ మొబైల్ డేటా మీదో, గెస్ట్ వైఫై మీదో ఉండి, టీవీ ఇంటి వైఫై మీద ఉంటే ఒకదానికొకటి కనపడవు. హాస్టళ్లలో, లాడ్జిల్లో ఒకే వైఫై ఉన్నా కనపడకుండా కావాలనే కట్టడి చేస్తారు. ఇంట్లో మాత్రం పాస్‌వర్డ్ ఇచ్చిన ప్రతివాళ్లూ మీ టీవీని, మీరు షేర్ చేసిన ఫోల్డర్‌ని చూడగలరు. పక్కింటి వాళ్లకి గెస్ట్ వైఫై ఇవ్వండి. ఫోన్ మొత్తం కాకుండా ఒక్క ఫోల్డరే షేర్ చేయండి.

పెదవి ముందా, మాట ముందా?

బ్లూటూత్ సౌండ్‌బార్‌కి కలిపితే డైలాగ్ ఆలస్యంగా వినిపిస్తోందా? శబ్దాన్ని కుదించి, పంపి, మళ్లీ విప్పడానికి కొంత టైం పడుతుంది. ఐటీయూ అనే అంతర్జాతీయ సంస్థ లెక్క ప్రకారం శబ్దం 125 మిల్లీసెకన్లు వెనకబడితే మనిషి పసిగట్టేస్తాడు. మామూలు బ్లూటూత్ ఆ గీత తేలిగ్గా దాటేస్తుంది. యూట్యూబ్ లాంటి యాప్‌లు బొమ్మని కూడా కాస్త ఆపి సర్దుతాయి. మిర్రరింగ్, బ్లూటూత్ రెండూ కలిస్తే ఆలస్యం మీద ఆలస్యం. టీవీ సెట్టింగ్స్‌లో ఆడియో డిలే ఉంటే సవరించండి. లేదంటే సౌండ్‌బార్‌కి తీగ పెట్టండి, గొడవ వదిలిపోతుంది.

తాళం ఎవరి చేతిలో?

2025 మార్చిలో ప్రపంచమంతటా రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక్కసారిగా మొండికేశాయి. 2015లో వచ్చిన ఆ పరికరాల్లో ఏమీ చెడిపోలేదు. వాటిని నమ్మదగినవని చెప్పే డిజిటల్ సర్టిఫికెట్ గడువు ముగిసింది, అంతే. గూగుల్ సరిచేసేదాకా అవి గోడకి వేలాడదీసిన బొమ్మలే. అదే ఏడాది చివర్లో నెట్‌ఫ్లిక్స్ ఫోన్ నుంచి చాలా టీవీలకి క్యాస్ట్ చేసే సౌకర్యం తీసేసింది. డబ్బు పెట్టి కొన్నది మనమే, ఇంట్లో ఉన్నదీ మనదే. కానీ స్విచ్ ఎక్కడో ఉంది.

క్యాస్ట్ వాడొద్దని కాదు. సులువుగా ఉన్నంతకాలం హాయిగా వాడుకోవచ్చు. దానితోపాటు మన చేతిలో ఉండే దారి కూడా ఒకటి ఉండాలి. ముఖ్యంగా ఇంటి వీడియోలకి.

ఈసారి ఊరెళ్లినప్పుడు ఓ అరగంట తీయండి. టీవీలో వీఎల్‌సీ వెయ్యండి. పాత ల్యాప్‌టాప్ ఉంటే అందులో "మన వీడియోలు" అని ఒక ఫోల్డర్ పెట్టి షేర్ చేయండి. తర్వాత రూటర్‌కి వచ్చే నెట్ తీగ పీకేసి, అమ్మ చేతికి రిమోట్ ఇచ్చి, మీరు ముట్టుకోకుండా పక్కన కూర్చోండి. ఆమె ఎక్కడ ఆగిపోతే అక్కడ చెప్పండి. రెండోసారి చెప్పకుండా ఆమే పెట్టుకోగలిగితే, ఇక నిశ్చింతగా బస్సెక్కొచ్చు.