మ్రింగుడుపడని ముద్ద

చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె ప్రాంతములందు రాగిసంగటిని నమలు అలవాటు లేదు. ముద్దనుండి కొంత చిదిమి, పులుసులోనో ఊరుబిండిలోనో అద్ది, నాలుకపై నుంచుకొని మ్రింగుదురు. అట్టి యింట ముప్పదియేండ్ల పురుషుడొకడు, నిన్నమొన్నటివఱకు రెండు ముద్దలు తిని లేచిపోయినవాడు, నేడు ఒక్క ముద్దయెదుట గంటసేపు కూర్చుండి, కడికొక గ్రుక్క నీళ్లు త్రాగుచున్నాడనుకొందము. సంగటి గట్టిపడినదేమో యని అత్తగారు కోడలివైపు చూతురు. కోడలు మఱునాడు మెత్తగా గెలుకును. అయినను అంతే. కొన్నాళ్లకతడు మాంసము మానును. పెండ్లిపంక్తిలో నలుగురితో కూర్చుండడు. ఇంటివారు వేడి యందురు, గ్యాసందురు, దిగులందురు. తుదకొకనాడు వేటకూర ముక్క రొమ్ములో నిలిచి, మీదికి రాక, క్రిందికి దిగక, ఉమ్మి సైతము మ్రింగరాని స్థితి కలిగినపుడు గాని ఆసుపత్రి జ్ఞప్తికి రాదు.

సోదరీమణులారా, ఇట్టి జబ్బును వైద్యునికంటె ముందు కనిపెట్టగలది వడ్డించు చేయి. రోగి తనంతట చెప్పుకొనడు. మెల్లగా తినుట తన స్వభావమే యనుకొని యేండ్లు గడపును.

దీని పేరు ఈసినోఫిలిక్ ఈసోఫజైటిస్. నోరు తిరుగని పేరే గాని అర్థము సులభము: గొంతునుండి జీర్ణకోశమునకు పోవు అన్నవాహిక లోపలిపొర అలర్జీవలన వాచుట. నెత్తుటిలోని తెల్లకణములలో ఈసినోఫిల్ అనునది యొకటి. ఈసిన్ అను ఎఱ్ఱరంగును పీల్చుకొను ఈ కణమును 1879లో జర్మను శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ వర్ణించెను. ఆరోగ్యవంతుల అన్నవాహికలో ఇవి యుండవు. కొందఱికి సరిపడని ఆహారమువలన అచట గుమిగూడును. ఏండ్లు గడచినకొలది గొట్టము గట్టిపడి ఇఱుకగును. ఉబ్బసము, తుమ్ములు, జలుబు తఱచుగా బాధించు వారియందు ఎక్కువ. స్త్రీలకంటె పురుషులయందు ఎక్కువ.

ఈ కణములకును మదనపల్లెకును పాత పరిచయము కలదు. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరపు క్షయ ఆసుపత్రిలో ఫ్రీమట్ మోలర్, బార్టన్ అను వైద్యులు, క్షయరోగులవలె కనుపించియు క్షయ లేనివారిని గుర్తించి, వారి నెత్తుటిలో ఈసినోఫిల్‌లు మితిమీఱి యున్నవని 1940లో ప్రకటించిరి. బోదకాలు కలిగించు జాతి పురుగులకు ఊపిరితిత్తులు చూపు అలర్జీయే దానికి కారణమని తరువాత తేలినది. ఈసినోఫీలియా యనగానే మన యిండ్లలో దగ్గు తలపునకు వచ్చుట అందువలననే. ఆ జబ్బు వేఱు, ఇది వేఱు. నెత్తుటిపరీక్షలో లెక్క సరిగా నున్నను అన్నవాహికలో జబ్బుండవచ్చును. ఎండోస్కోపీ చేసి, లోపలిపొరనుండి చిన్న తునకలు తీసి, సూక్ష్మదర్శినితో చూడవలెను. ఒక్క చూపుమేరలో 15 గాని అంతకుమించి గాని కణములున్నచో అనుమానము బలపడును. మ్రింగలేకపోవుటకు క్యాన్సరు మొదలగు ఇతర కారణములును కలవు గనుక, ఇంటిలో ఊహించుకొని ఊరకుండరాదు.

దీనిని వేఱు జబ్బుగా వైద్యులు వర్ణించినది 1993, 1994 సంవత్సరములందే. 1995లో అమెరికాలో కొందఱు పిల్లలకు అన్నము, పాలు మొదలగునవి మాన్పించి, మాంసకృత్తులు విడగొట్టి చేసిన ద్రవమును ముఖ్యముగా నిచ్చి చూచిరి. జబ్బు తగ్గెను. దోషము ఆహారములోనిదే యని తేటపడినది. కాని పెద్దవాడు ఆ నీళ్లతో ఎన్నాళ్లు బ్రతుకును? 2006లో చికాగో వైద్యులు ఆఱింటిని మాత్రము మాన్పు పద్ధతి తెచ్చిరి: పాలు, గోధుమ, గ్రుడ్డు, సోయా, వేరుసెనగ జీడిపప్పు మొదలగునవి, చేపలు రొయ్యలు. 2012లో ఆ నగరమందే 50 మంది పెద్దవారిపై పరీక్షింపగా, నూటికి 70 మందికి కణములు బాగుగా తగ్గెను.

ఈ పట్టికను చౌడేపల్లె వంటింటిలో పెట్టి చూతము. రాగులు, బియ్యము, జొన్నలు, కొఱ్ఱలు, కందిపప్పు, ఉలవలు, అలసందలు, అనపగింజల పితికిపప్పు, కూరగాయలు, మాంసము అన్నియు నిలుచును. సంగటికి ఢోకా లేదు. చిక్కంతయు ఊరుబిండితోడనే, చెనక్కాయలు లేని ఊరుబిండి యెక్కడిది? నువ్వులతో నూఱుకొనవచ్చును గాని రుచి అది కాదని మేమును ఒప్పుకొందుము. గానుగ చెనగనూనెలోను కొంత మాంసకృత్తు మిగులును. గోధుమ యన చపాతి యొక్కటే కాదు: ఉప్మారవ్వ, సేమ్యా, బిస్కత్తు, మైదా, డబ్బాలలో అమ్ము ఇంగువలో సైతము తఱచుగా గోధుమపిండి కలుపుదురు.

ఇంత కష్టము మొదటనే అక్కరలేదని 2023లో వెలువడిన అమెరికా పరిశోధన చెప్పుచున్నది. 129 మంది పెద్దవారిలో కొందఱు ఆఱింటిని, కొందఱు పాలను మాత్రము ఆఱువారములు మానిరి. ఆఱు మానినవారిలో నూటికి 40 మందికి, పాలు మాత్రము మానినవారిలో 34 మందికి జబ్బు అణగెను. మునుపటివంటి గొప్ప ఫలితము కాదు, నిజమే. కాని రెంటికి చెప్పుకోదగిన భేదము లేదు. కావున మొదట పాలు మాని చూచుటయే తెలివి.

అదియు ఈ సీమలో సులభము కాదు. పాడి చాలమందికి జీవనాధారము. పుంగనూరు పొట్టి ఆవు పేరు దేశమంతటను ప్రసిద్ధము. దాని పాలు వెన్న హెచ్చుగలవి. మంచివే, కాని అలర్జీ కలిగించునది వెన్న కాదు, కేసీన్ మొదలగు మాంసకృత్తులు. అవి పొట్టి ఆవు పాలలోను కలవు. మేకపాలలోనివియు ఇంచుమించు అట్టివే. కాచినను కేసీన్ పోదు, తోడువేసినను పోదు. పెరుగు, మజ్జిగ, కాఫీలోని పాలు, మిఠాయిలు, పరీక్షాకాలమున నెయ్యియు మానవలెను. పాలు త్రాగిన కడుపు ఉబ్బరించుట మఱియొకటి. అది పాలలోని చక్కెర అరుగకపోవుట. ఆ చక్కెర తీసిన పాలు ఈ రోగికి పనికిరావు.

ఆఱు మొదలు ఎనిమిది వారములు గడచిన పిమ్మట మరల ఎండోస్కోపీ చేయించవలెను. బాధ తగ్గినంతమాత్రమున వాపు పోయినదనుకొనరాదు. మెత్తని తిండికి అలవడినవాడు బాధను మఱచిపోవును. ఏ పదార్థము దోషియో నెత్తుటిపరీక్షగాని చర్మపరీక్షగాని నమ్మకముగా చెప్పలేవు. పెక్కింటిని మానినచో ఒక్కొక్కదానినే తిరిగి చేర్చి, ప్రతిసారియు చూపించుకొనవలెను. ఖర్చును, ఓపికయు పట్టు పని. ఇది వలదనుకొనువారికి ఆమ్లము తగ్గించు మాత్రలు, మ్రింగు స్టెరాయిడు మందులు కలవు. అవి తక్కువ వైద్యము కావు.

పాలు మానిన యెముకలేమగునని తల్లులు భయపడుదురు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలలో 100 గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియము చూపబడినది. ఆవుపాలలో సుమారు 120. రాగులలోనిది శరీరమునకు కొంత తక్కువగా పట్టును గాని, సంగటి తినువాడు అన్నియు పోగొట్టుకొనలేదు.

జబ్బు ఇల్లాలికే వచ్చినచో? తనకొఱకు వేఱుగా వండుకొనుటకు ఆమె సిగ్గుపడును. చివర మిగిలిన మజ్జిగయన్నమే ఆమె భోజనము. ఇంటిలో ఒక్క కూర, ఒక్క పచ్చడి అందఱికిని పాలు లేక చేసినచో ఆ సిగ్గుండదు. పెరుగుకుండ వేఱుగా నుండును, వలసినవారు వేసికొందురు. బోయకొండ గంగమ్మకు మ్రొక్కుచెల్లించి వేటకూర వండుకొన్ననాడు ఆమెయు తినవచ్చును. వాపు పోవువఱకు ముక్క చిన్నదిగా తఱిగి, బాగుగా ఉడికించి, నమలి మ్రింగవలెను. ముక్క నిలిచినచో అరటిపండుతోగాని అన్నపుముద్దతోగాని క్రిందికి త్రోయరాదు. ఉమ్మి దిగకున్నచో తెల్లవాఱువఱకు ఆగక, ఆ రాత్రియే ఎండోస్కోపీ చేయు పెద్దాసుపత్రికి బయలుదేరవలెను.