పొగ రాదు కదా అని వదిలేస్తే

డల్లాస్‌లోనో టొరంటోలోనో ఇల్లు కొన్న తెలుగువాళ్లలో చాలామందికి ఇంటితోపాటే హాల్లో గ్యాస్ ఫైర్‌ప్లేస్ కూడా వస్తుంది. కట్టెల గొడవ లేదు, బూడిద ఎత్తే పని లేదు, ఇక ఏటేటా తనిఖీ దేనికన్నది తరచూ వినిపించే వాదన. మసి మాట వరకు అది చాలావరకు నిజమే. అసలు ప్రమాదం గాలి ఆడే దారిలో ఉంది. వేసవంతా ఆరి ఉన్న బర్నర్‌లో సాలీడు గూడు అల్లినా, బయటి గొట్టం మూతికి పిట్టగూడో మంచో అడ్డుపడినా గ్యాస్ సరిగా కాలదు. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అద్దం మీద పల్చటి తెల్లపొర మామూలే, చల్లారాక తుడిస్తే పోతుంది. నల్లటి మసి కనిపిస్తే మాత్రం వెంటనే ఆపేసి మెకానిక్‌ని పిలవాలి.

అలారం ఉందిగా అనొచ్చు. ఉండి తీరాలి, కానీ అది మోగేది విషవాయువు గదిలోకి వచ్చాకే. అమెరికాలో చిమ్నీలు, ఫైర్‌ప్లేస్‌ల భద్రత కోసం ఉన్న ఎన్‌ఎఫ్‌పీఏ 211 ప్రమాణం ఏడాదికోసారి తనిఖీ చేయించమనేది అందుకే. బయటి గొట్టం మూతి, అలారం బ్యాటరీ మనమే చూసుకోవచ్చు. గ్యాస్ పీడనం, అద్దం చుట్టూ ఉండే సీలు లైసెన్సున్న మెకానిక్ పని. పైలట్ మంట మాటిమాటికీ ఆరిపోతుంటే విసుక్కుని బలవంతంగా వెలిగించకండి: ఆ మంటలో కాగే సన్నటి కడ్డీ, థర్మోకపుల్, తగినంత కరెంటు పుట్టించలేనప్పుడు వాల్వ్ దానంతటదే మూసుకుంటుంది.