పనిలో చదువు

పనిలో చేరినంత మాత్రమున పని రాదు. ఏండ్ల తరబడి ఒకే బల్లయొద్ద కూర్చుండియు, మొదటినాడు తెలిసినంతయే చివరినాడును తెలిసియుండువారు కలరు. మరికొందరు ఆరుమాసములలోనే పనిలోని మర్మమును గ్రహింతురు. నేర్పువాడు ఒక్కడే, పనిముట్లును అవియే. మరి యీ భేదమెక్కడిది?

జవాబునకై నకిరేకల్ వారు దూరము పోనక్కరలేదు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే, ఆలేరు ప్రాంతమున శారాజీపేట యను గ్రామము కలదు. చింతకింది మల్లేశం ఆ యూరి చేనేత కుటుంబమున పుట్టినవాడు. ఆరవ తరగతితో బడి మానినవాడు. అచ్చటి చీరల నేతకు ముందు దారమును ఆసు పోయవలెను. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చేయి ఆడింపవలెను. తల్లి లక్ష్మి భుజమునొప్పితో బాధపడుట చూచి, ఈ పనిని యంత్రముచే చేయింపరాదా యని 1992లో అతడు ప్రయత్నమారంభించెను. డబ్బు చాలక హైదరాబాదు చేరి, విద్యుత్ పనులలో కూలికి కుదిరెను. 1999లో బాలానగరులోని ఒక కర్మాగారమునకు పనిమీద పోయి, అచ్చటి యంత్రమొకటి కదలు తీరు చూచి, తనకు చిక్కని కీలకమును గ్రహించెను. ఆసు యంత్రము సిద్ధమయ్యెను. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగెను. దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో ప్రభుత్వము అతనిని పద్మశ్రీతో గౌరవించెను.

కర్మాగారమున ఇతరులకది దినదినము చూచు యంత్రమే. మల్లేశమునకు ఏడేండ్ల ప్రశ్నకు సమాధానము. ఆ ప్రశ్నను అతనికి ఏ యజమానియు ఈయలేదు. తల్లి నొప్పి యిచ్చెను. సామర్థ్యము సాధనచే పెరుగునని నమ్మువాడు పొరపాటునకు జంకక నేర్చుకొనునని అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞురాలు కెరొల్ డ్వెక్ 2006లో ప్రకటించిన గ్రంథమున వివరించినది.

అయినను భారమంతయు పనివానిపై మోపుట న్యాయము కాదు. సందేహమడిగినవానిని నలుగురిలో చులకన చేయుచోట ఎవడు నోరు విప్పును? నేర్వగోరు మనసును నిలుపుట పై అధికారి ధర్మము.

ఉపాధ్యాయుల శిక్షణకును ఇదే వర్తించును. హాజరుపట్టీలో సంతకమునకై పోయినవారు సంతకము చేసియే తిరిగి వత్తురు. భిన్నములు అర్థముకాని పిల్లవానికి ఎట్లు బోధింతునని తలపోయుచు పోయినవారు, ఏదో యొక ఉపాయముతో తిరిగి వత్తురు. కనుక మిత్రులారా, శిక్షణకు బయలుదేరునపుడు సంచిలో నోటుపుస్తకముతోపాటు, మీ తరగతిగది యిచ్చిన ప్రశ్ననొకదానిని గూడ వెంట గొనిపొండు.